కోడ్ రివ్యూ: కలపకముందా, కలిపాకా? మనుషులు తక్కువున్న ప్రాజెక్టుకు ఏది మేలు?

ఇద్దరు ముగ్గురు వాలంటీర్లతో నడిచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో పీఆర్‌లు (పుల్ రిక్వెస్టులు, అంటే కలపమని పంపిన కోడ్ మార్పులు) నెలల తరబడి పేరుకుపోతుంటే, ముందు తేల్చుకోవాల్సింది రివ్యూ ఎప్పుడన్నదే. అపాచీ ఫౌండేషన్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి.

కమిట్‌కు (మార్పును ప్రాజెక్టు కోడ్‌లో చేర్చడానికి) ముందే రివ్యూ అంటే అక్కడ కనీసం మూడు 'ప్లస్ వన్' (ఆమోదం) ఓట్లు రావాలి, ఒక్క వీటో కూడా పడకూడదు. భద్రతకు ఇదే గట్టిది. కానీ చూసేవాళ్లు లేకపోతే మెయిన్ బ్రాంచ్ (అసలు కోడ్) ముందుకు వెళ్లిపోతుంది, ప్యాచ్‌కు (పంపిన మార్పుకు) దానితో కాన్‌ఫ్లిక్టులొస్తాయి, రెండోసారి రీబేస్ చేయమనేసరికి (తాజా కోడ్‌పై మళ్లీ అమర్చమనేసరికి) కొత్తగా వచ్చినవాళ్లు కనిపించకుండా పోతారు. రేపు రివ్యూ చేయగలవాళ్లు వాళ్లే. పైగా కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో తన పీఆర్‌ను తాను అప్రూవ్ చేసుకోలేరు. మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునేవారు) ఒక్కరే ఉన్నచోట 'ఒక అప్రూవల్ తప్పనిసరి' అని పెడితే ఆయన అడ్మిన్ హక్కుతో ప్రతిసారీ దాటేస్తారు. ఆ రూలు ఉన్నా లేనట్టే.

కలిపాక రివ్యూలో పని ఆగదు. అయితే ఎవరూ చదవకపోతే మౌనమే ఆమోదమైపోతుంది, కాబట్టి వెనక్కి తీయడం సులువుగా ఉండాలి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. మెర్జ్ కమిట్‌ను (బ్రాంచ్‌ను కలిపినట్టు నమోదైన కమిట్‌ను) రివర్ట్ చేశాక, అంటే వెనక్కి తీశాక, అదే బ్రాంచ్‌ను సరిచేసి మళ్లీ మెర్జ్ చేస్తే కొత్త కమిట్లే వస్తాయి, పాత మార్పులు రావు. అవి హిస్టరీలో ఇప్పటికే ఉన్నాయని గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) లెక్క. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి. బ్రాంచ్‌లోని కమిట్లన్నిటినీ ఒకే కమిట్‌గా కలిపే స్క్వాష్ మెర్జ్ వాడితే ఈ తలనొప్పి లేదు.

మనుషుల కొరతకు నేరుగా మందు వేసేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టులో కమిట్‌ఫెస్ట్ (పేరుకున్న ప్యాచ్‌లను రివ్యూ చేసే నిర్ణీత కాలం) ఆనవాయితీ: ప్యాచ్ పంపినవాళ్లు దాదాపు అంతే కష్టమున్న ఇంకొకరి ప్యాచ్ చూడాలి. కమిట్ హక్కు లేకున్నా ప్యాచ్ అప్లై అవుతోందా, టెస్టులు పాసవుతున్నాయా, డాక్యుమెంటేషన్ ఉందా అని చూసి రాయొచ్చు. చిన్న ప్రాజెక్టులు కూడా దీన్ని తప్పకుండా పెట్టుకోవాలి.

మిగతాది ఫైళ్లను బట్టి విడగొట్టడం మేలు. డాక్యుమెంటేషన్, అనువాదాలు, మామూలు బగ్ ఫిక్సులు కలిపాక చూసి, 72 గంటల్లో అభ్యంతరం వస్తే రివర్ట్ చేయండి. బిల్డ్ స్క్రిప్టులు (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసేవి), లాగిన్, క్రిప్టోగ్రఫీ కోడ్‌కు కలపకముందే రివ్యూ. బైనరీ టెస్టు ఫైళ్లకూ అంతే: 2024లో ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి) దాగింది వాటిలోనే. దాన్ని బయటికి తీసి నడిపించే బిల్డ్ స్క్రిప్టు ముక్క గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (విడుదల చేసే కోడ్ ప్యాకేజీలో) మాత్రమే ఉంది. పీఆర్‌లు ఎంత జాగ్రత్తగా చూసినా అది కళ్లబడేది కాదు.

అందుకే రిలీజ్ చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు ట్యాగ్ (గిట్‌లో ఆ వెర్షన్‌కు పెట్టిన గుర్తు) నుంచి టార్‌బాల్ మళ్లీ తయారుచేసి, రెంటికీ డిఫ్ (తేడాలు) తీయాలి. ఆటోటూల్స్ (బిల్డ్ స్క్రిప్టులు తయారుచేసే టూల్స్) పుట్టించే కన్ఫిగర్ లాంటి ఫైళ్లలో తేడాలొస్తాయి. అవే వెర్షన్ల టూల్స్ వాడితే చాలావరకు పోతాయి. మిగిలిన ప్రతి లైనుకూ కారణం తెలిశాకే రిలీజ్ బయటికి పంపాలి.