కంచు కంచాలు ఆర్డర్ పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఉగాది నిన్ననే అయింది. కోపం ఇంకా దిగలేదు, మాట తూలితే సర్దుకుని చదవండి.

కంచాలు అమ్మిన ఆ ఆన్‌లైన్ పేజీ పేరు రాయను, రీల్స్ చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. వెనక వీణ మోగుతుంటుంది. టేబుల్ మీద తళతళలాడే కంచం, అందులో బొబ్బట్టు, పులిహోర, చిన్న గిన్నెలో ఉగాది పచ్చడి, పక్కన నీళ్లలో తేలే మల్లెపూలు. "అసలు సిసలు కంచు" అని ఓ తీయటి గొంతు. ఆడపడుచు వాళ్లు మొదటిసారి మా కొత్తింటికి పండక్కి వస్తున్నారు కదా, టేబుల్ అలా ఉండాల్సిందే అనుకున్నాను. ఆరు కంచాలు, ఆరు గ్లాసులు, పన్నెండు గిన్నెలు కలిపి 7,800 రూపాయలు, మొత్తం ముందే యూపీఐ. కంచు తూకం లెక్కన అమ్ముతారని, ఆ డబ్బుకి అంత సామాను రాదని నాకు తెలియదా? తెలుసు. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు, కంచు, ఇత్తడి సామాన్లకి పేరున్న బుడితి అక్కడిదే. "బుడితి నుంచి తెప్పిస్తాను, కాస్త ఆగమ్మా" అన్నారు కూడా. ఆగితే నేనెందుకవుతాను!

పండగ ముందు రోజు సాయంత్రం ఏడింటికి పార్సిల్ వచ్చింది. అత్తగారు ఓ కంచం తీసి, అంచు మీద గరిటెతో కొట్టారు. టక్. అంతే. కంచు గొంతు అని ఊరికే అనరు కదా, కొడితే కాసేపు మోగాలి. ఇది రేకు డబ్బా చప్పుడు. ఆవిడ ఏమీ అనకుండా వెళ్లి, ఫ్రిజ్ మీదున్న వెంకన్న అయస్కాంతం బొమ్మ తెచ్చి కంచం వెనక పెట్టారు. స్వామి గట్టిగా అతుక్కుపోయాడు! రాగి, తగరం కలిస్తే కంచు. దానికి అయస్కాంతం అంటుకోదు. ఇది ఇనుము, పైన రంగు. పీచుతో గట్టిగా నాలుగు రుద్దులు రుద్దితే పీచే బంగారు రంగుకి తిరిగింది.

ఆ పేజీ వాళ్లకి ఫోన్ చేశాను. ఎత్తిన అబ్బాయి ఏ మాత్రం తడబడలేదు.

"కింద చూడండి మేడం, కంచు ఫినిష్ అని ఉంటుంది. ఫినిష్ అంటే రంగు."

"రీల్‌లో అసలు సిసలు కంచు అన్నారుగా?"

"అది వాయిస్ ఓవర్ మేడం."

వెనక ఎవరో నవ్వారు. ఆ తర్వాత అతనన్న మాట నిన్నంతా చెవిలో తిరుగుతూనే ఉంది. "టేబుల్ అందంగా కనబడాలనే కదా కొన్నారు? ఫొటోలో తేడా తెలీదులెండి. హ్యాపీ ఉగాది." కట్ చేసి, వెంటనే బ్లాక్ చేశాడు. నిజం చెప్పాలంటే మోసం కన్నా ఇదే ఎక్కువ మండింది. ఎందుకంటే ఫొటో కోసమే కొన్నాను మరి.

ఆ రంగు గిన్నెల్లో చింతపండు పులుసున్న పచ్చడి పోసి పిల్లలకి పెట్టే ధైర్యం లేదు. పొద్దున్నే మావారు రైతు బజార్‌కి పరిగెత్తి అరిటాకులు తెచ్చారు. అత్తగారు కడిగి, కొస ఎడమ వైపుకి వచ్చేలా పరిచారు. మధ్యలో స్టీలు గిన్నెలో మామిడాకులు, బంతిపూలు. టేబుల్ బాగానే ఉంది. ఆడపడుచు మాత్రం "కంచు కంచాలు కొన్నావట కదా వదినా, ఏవీ?" అని అడిగింది. ఎవరు చెప్పారో ఏమో.

కొనేవాళ్లుంటే అయస్కాంతం జేబులో పెట్టుకుని దుకాణానికే వెళ్లండి, తూకం వేయించి బిల్లు మీద కంచు అని రాయించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. డబ్బు వస్తే ఇక్కడే చెప్తాను. కంచాలు ప్రస్తుతం బాల్కనీలో కుండీల కింద ఉన్నాయి. గీకిన చోట అప్పుడే తుప్పు మొదలైంది.