తిరుపతిలో ఆపరేషన్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త: బయాప్సీ కాగితం చేతికి రానిదే ఊరికి బయల్దేరకండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఆగకుండా ఇప్పుడే రాసేస్తున్నా. మన చిత్తూరు వైపు నుంచి తిరుపతి ప్రైవేటు ఆస్పత్రులకు పోయేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, దయచేసి పూర్తిగా చదవండి. ఆస్పత్రి పేరు పెట్టడం లేదు, కంప్లయింట్ నడుస్తోంది, అది తేలేదాకా పెట్టను.

విషయం క్లుప్తంగా చెబుతా. నాకు గొంతు దగ్గర గడ్డ, సూది పరీక్ష చేస్తే ఫాలిక్యులర్ (థైరాయిడ్ గడ్డల్లో అదొక రకం) అని వచ్చింది, థైరాయిడ్ సగం తీసేయాలన్నారు, తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. డిశ్చార్జ్ సమ్మరీలో చివర ఒక లైను, "బయాప్సీ రిపోర్టు రావాల్సి ఉంది" అని. తర్వాత ఫోన్ చేసి అడిగితే నర్సు "ఏం లేదంట మేడం, అంతా బాగుందంట" అనేసింది. కాగితం ఏదమ్మా అంటే "డాక్టర్ గారే చెప్పారు మేడం, ఇంక కాగితం దేనికి" అంది.

దేనికో చెప్తా. ఫాలిక్యులర్ గడ్డ కేన్సరా కాదా అన్నది సూది పరీక్షలో తేలదు. గడ్డ మొత్తం తీసి, దాని చుట్టూ ఉండే పొరను గానీ రక్తనాళాలను గానీ కణాలు దాటాయా లేదా అని మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలిసేది. దాటితే మిగిలిన సగం కూడా తీయాలా, రేడియో అయోడిన్ (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే మందు) ఇవ్వాలా అన్న లెక్కలు మొదలవుతాయి. అంటే నా మిగతా జీవితానికి సంబంధించిన మాట ఆ ఒక్క కాగితంలో ఉంది, దాన్ని ఫోన్లో "అంట" అని చెప్పి పెట్టేశారు. నాకు నిద్ర పట్టలేదు. వేలూరులో ఇంకో డాక్టర్‌కు చూపించుకుందామని అపాయింట్‌మెంట్ తీసుకున్నా, చిత్తూరు నుంచి గంట ప్రయాణమే కదా. వాళ్ళు అడిగినవి మూడు: బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, స్లైడ్లతో పాటు బ్లాక్. స్లైడ్లంటే గడ్డ ముక్కను పల్చగా కోసి అతికించిన గాజు పలకలు. బ్లాక్ అంటే తీసిన కండను మైనంలో పెట్టి దాచే చిన్న దిమ్మ, దాన్నుంచి మళ్ళీ పల్చటి ముక్కలు కోసి కొత్తగా పరీక్ష చేసుకోవచ్చు.

సరే, తిరుపతి పోయాం. బిల్లింగ్ వాళ్ళు రికార్డు రూముకు పొమ్మన్నారు, రికార్డు రూము వాళ్ళు ల్యాబుకు, ల్యాబు వాళ్ళు ఆఫీసుకు. చివరికి ఆ ఆఫీసులో కూర్చున్నాయన ముందు నిలబడ్డా. నా ఫైలు ఆయన మోచేతి కిందే ఉంది. నా ఇంటి పేరు, ఐపీ నంబరు (ఇన్‌పేషెంట్‌గా నాకిచ్చిన నంబరు) ఎర్ర స్కెచ్‌తో రాసున్నాయి, తలకిందులుగా అయినా చదువుకోగలిగా.

"వెంట ఎవరొచ్చారమ్మా?" అన్నాడు.

"పేషెంట్‌ని నేనే సార్."

"అది కాదమ్మా, మీ ఆయన ఎవరు? రమ్మనండి, ఆయనతో మాట్లాడతాం."

మా ఆయన బండి పెట్టి లోపలికి వచ్చేదాకా ఆ మనిషి నోరు తెరవలేదు. ఆయన రాగానే కుర్చీ అటు తిప్పి, నా గొంతు గురించి, నా గడ్డ గురించి ఆయనకు వివరించడం మొదలుపెట్టాడు. కుట్ల మచ్చ నా మెడ మీద ఉంది, నొప్పి నాది, రేపు ఏదన్నా అయితే పోయే ప్రాణమూ నాదే. మా ఆయన "ఆమెతోనే చెప్పండి సార్, ఫైలు ఆమెది" అన్నాడు. దానికి ఆ పెద్దమనిషి నవ్వి, "గూగుల్ చూసొచ్చే ఆడవాళ్ళతో ఇదే తలనొప్పి సార్, ఇంట్లో మీరెట్లా వేగుతున్నారో" అన్నాడు. నా ఎదురుగా. నా మోచేతికి తగిలేంత దగ్గర్లో నర్సమ్మ నిలబడి ఉంది, ఆమె కూడా తల దించుకుంది.

దాంతో ఆగలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "చికిత్స పట్ల పూర్తి సంతృప్తితో ఉన్నాను, ఆస్పత్రి మీద, డాక్టర్ మీద ఎలాంటి ఫిర్యాదు గానీ కేసు గానీ వేయను." పేరు రాసేచోట చుక్కలు. జిరాక్సుకు జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు తెల్లబడిపోయాయి, అంటే నాకంటే ముందు ఎంతమంది చేత సంతకం పెట్టించారో! "ఇది సైన్ చేస్తే అన్నీ ఇచ్చేస్తాం" అన్నాడు. నా రిపోర్టు నాకివ్వడానికి నా నోరు కట్టేసుకోవాలంట.

పెట్టలేదు. 72 గంటల రూలుంది కదా సార్ అంటే "అవన్నీ పాత రూల్స్ మేడం, మారిపోయాయి" అన్నాడు. మారలేదు. డాక్టర్ల ప్రవర్తనకు సంబంధించిన 2002 నిబంధనల్లోనే ఉంది: ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన దగ్గర్నుంచి 3 ఏళ్ళు దాచాలి, పేషెంట్ గానీ వాళ్ళు అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అది డాక్టర్ దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చారు గానీ నేషనల్ మెడికల్ కమిషనే వాటిని అదే నెలలో పక్కన పెట్టింది, అంటే 2002వే నడుస్తున్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఇదే మాట ఉంది, ఆస్పత్రిలో ఉన్నప్పుడైతే 24 గంటల్లో, డిశ్చార్జ్ అయ్యాకైతే 72 గంటల్లో అని. ఇంకో డాక్టర్‌ను అడిగే హక్కు కూడా అందులోనే ఉంది. సంతకం పెడితేనే ఇస్తామనే షరతు వీటిలో ఎక్కడా లేదు.

ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులోనే తెల్లకాగితం కొని అప్లికేషన్ రాశా. ఏమేం కావాలో ఒక్కొక్కటీ పేరు పెట్టి, సర్జన్ పేరు మీద ఒకటి, సూపరింటెండెంట్ పేరు మీద ఒకటి. ఆ నిబంధన వర్తించేది డాక్టర్‌కు, అందుకే ఆయన పేరు ఉండాల్సిందే. ఇన్‌వార్డులో (ఉత్తరాలు, అప్లికేషన్లు తీసుకునే చోట) స్టాంపు వేయమంటే "పైనుంచి చెప్పలేదు" అన్నారు. స్పీడ్ పోస్టులో పంపా, రసీదు దాచుకున్నా, మెయిల్ కూడా పెట్టా. గడువు దాటాక డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుకు పోయి కాపీలతో కంప్లయింట్ ఇచ్చా. అప్పుడు ఫోన్ వచ్చింది, వచ్చి తీసుకోండి మేడం అని. ఇప్పుడు "మేడం"!

రిపోర్టు ఇవ్వాళే చేతికొచ్చింది. దాని మీద తేదీ చూసి కాళ్ళు వణికాయి. నర్సు నాతో "ఏం లేదంట" అనకముందే సంతకమైన రిపోర్టు అది. అందులో "పొర దాటినట్టు అనుమానం, బ్లాక్ నుంచి మరిన్ని ముక్కలు కోసి చూడాలి" అని రాసుంది. ఆ కాగితం ఫైల్లో ఉండగానే నాకు బాగుందని చెప్పారు. అది ఫైల్లో ఉండగానే మా ఆయనతో నామీద జోకులేశారు. నేను ఆ నర్సు మాట నమ్మి ఊరుకుని ఉంటే? ఇది తలచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి, టైపు చేయలేకపోతున్నా.

మీకు చెప్పేది ఇంతే. డిశ్చార్జ్ సమ్మరీలో "రావాల్సి ఉంది" అని ఏదన్నా ఉంటే ఎప్పుడొస్తుంది, ఎవరిస్తారు అని అక్కడే రాయించుకోండి. లోపల ఉన్నన్నాళ్ళూ వచ్చే ప్రతి రిపోర్టునూ ఫోన్లో ఫోటో తీసుకోండి. స్కానింగుకు కాగితం ఒక్కటే చాలదు, సీడీ కూడా అడగండి. నోటిమాటగా అడగొద్దు, రాసి అడగండి. మీరు పోలేకపోతే మీ సంతకంతో అధికార పత్రం, ఆధార్ జిరాక్స్ ఇచ్చి ఎవరినన్నా పంపండి. సర్కారు ఆస్పత్రి అయితే సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. కదలకపోతే డాక్టర్ మీద ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు, ఆస్పత్రి మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. ఎట్లా వేయాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

స్లైడ్లు ఇచ్చారు, బ్లాక్ మాత్రం రేపంటున్నారు. రేపు పొద్దున తాళం తీసే టైముకు ల్యాబు ముందు ఉంటా, అక్కడి నుంచి నేరుగా వేలూరు బస్సెక్కుతా. నేను రాసిన అప్లికేషన్ కాపీ ఎవరికన్నా కావాలంటే అడగండి, పేర్లు చెరిపేసి పెడతా.