పెద్ద గన్ను గొట్టమా, చిన్న గన్ను మొత్తమా: యుద్ధ స్మారకానికి ఏది మేలు?

హనుమకొండలో మా కాలనీ పార్కు మూలకు ఒక ఖాళీ జాగా ఉంది. అక్కడ యుద్ధ స్మారకం పెట్టాలని పొద్దున నడకకు వచ్చే మాజీ సైనికులు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం ముందు దిగిన ఫొటో చూపించి, "పెడితే ఇసొంటిది పెట్టాలె" అన్నారు. మా మేనమామ నేవీలో గన్నుల మీద పనిచేసి వచ్చిన మనిషి. ఫొటో చూసి నవ్వి, "ఒట్టి గొట్టం తెచ్చి పెడితే మనోళ్లు బోరు పైపు అనుకుంటరు అల్లుడా" అన్నాడు.

ఫొటోలోవి 15 అంగుళాల గన్నులు రెండు (గొట్టం లోపలి వెడల్పు అంత). రామిలీస్, రిజల్యూషన్ అనే బ్రిటిష్ యుద్ధనౌకల మీద ఉండేవి. ఒక్కో గొట్టం దాదాపు 100 టన్నులు, పేల్చే గుండు 880 కిలోల దాకా ఉంటుంది. 1968లో వాటిని అక్కడ పెట్టారు. ఆ భవనం ఒకప్పుడు పిచ్చాసుపత్రి. యుద్ధాల మ్యూజియానికి అంతకన్నా తగిన చోటు దొరకదేమో!

గొట్టం వైపు చెప్పుకోవాల్సింది ఉంది. చూడగానే మనిషి ఆగిపోతాడు. కదిలే భాగాలు లేవు కాబట్టి పోషణ తక్కువ. గొట్టాన్ని కాస్త వాలుగా పెట్టి, మూతికి బిరడా బిగించి, లోపల వాన నీళ్లు నిలవకుండా చూసి, రంగు వేయిస్తూ ఉంటే చాలు. సముద్రపు ఉప్పుగాలి మన దాకా రాదు కాబట్టి వైజాగ్‌లో కన్నా ఇక్కడ తుప్పు తక్కువ.

కానీ 100 టన్నుల సరుకు వరంగల్ చేరాలంటే దారిలో ప్రతి వంతెన మోయగలదా అని లెక్క కట్టాలి. చేరాక నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. రామప్ప గుడి కింద ఇసుక పునాది వేసినవాళ్లకు ఈ నేల సంగతి తెలుసు. మన కాంట్రాక్టరుకు తెలుసని నమ్మకం పెట్టుకోలేం.

ఖర్చు కన్నా పెద్ద చిక్కు ఇంకోటి. అమెరికాలో ఫీనిక్స్ నగరం కూడా సముద్రం లేని ఊరే. అక్కడ అరిజోనా నౌక 14 అంగుళాల గన్ను గొట్టం, మిస్సోరీ 16 అంగుళాల గొట్టం రెండూ పెట్టారు. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడిలో అరిజోనా మునిగి 1,177 మంది చనిపోయారు. ఈ గొట్టాన్ని అంతకుముందే బాగుచేయడానికి విప్పారు కాబట్టి మిగిలింది. మిస్సోరీ మీదేమో 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగిపోతూ సంతకం చేసింది. అమెరికాకు యుద్ధం మొదలు ఒకవైపు, చివర ఇంకోవైపు. పైగా అరిజోనా ఆ రాష్ట్రం పేరే. అందుకే ఎడారి ఊళ్లో ఓడ గన్ను ఎందుకని అక్కడ ఎవరూ అడగరు. మన పార్కులో మొదటి రోజే అడుగుతారు.

అయితే ఓడే చూపిద్దాం, పిల్లల్ని రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వైజాగ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపిస్తే పోలా అన్నారొకరు. తప్పకుండా చూపించాలి, లోపలికి దూరి చూస్తే కలిగే అనుభవం వేరు. కానీ అది మన ఊరి స్మారకం కాదు. ఇక ఓడను కాపాడటం ఎంత కష్టమో విక్రాంత్‌ను చూస్తే చాలు. 1971 యుద్ధంలో పోరాడిన విమానవాహక నౌక, ముంబైలో మ్యూజియంగా కొన్నేళ్లు నడిచి, చివరికి 2014లో తుక్కుకు పోయింది. ఆ ఇనుముతో మోటార్‌సైకిళ్లు చేసి అమ్మారు.

సింగపూర్‌లో జోహోర్ బ్యాటరీ అనే పాత ఫిరంగుల స్థావరం దగ్గర 15 అంగుళాల గన్నుకు నకలు చేసి పెట్టారు. గన్ను లేకపోయినా చోటు అసలుదే కాబట్టి అక్కడ చెల్లింది. మనకు రెండూ లేవు.

నాకు బాగా నచ్చింది మాత్రం అకిలీస్ అనే యుద్ధనౌక కథ. న్యూజిలాండ్ నావికులు ఎక్కువగా పనిచేసిన ఈ క్రూజర్ 1939 డిసెంబర్ 13న రివర్ ప్లేట్ యుద్ధంలో జర్మన్ నౌక గ్రాఫ్ ష్పేతో తలపడింది. 1948లో దాన్ని మనం కొని ఢిల్లీ అని పేరు పెట్టాం. 1961లో పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉన్న డయ్యూ మీద గుండ్లు కురిపించింది కూడా ఇదే. 1978లో రిటైరయ్యాక దాని 6 అంగుళాల గన్నుల టరెట్ (గన్నులూ వాటిని పేల్చే మనుషులూ ఉండే తిరిగే గది) ఒకదాన్ని మన ప్రభుత్వం న్యూజిలాండ్‌కు ఇచ్చింది. ఆక్లండ్‌లో డెవన్‌పోర్ట్ నేవీ స్థావరం దగ్గర పెట్టుకున్నారు. మొత్తం టరెట్ కాబట్టి మనుషులు ఎక్కడ నిలబడి పనిచేశారో తెలుస్తుంది. గొట్టం ఒక్కటే ఉంటే ఆ మనుషులు కనబడరు.

కాబట్టి నా ఓటు చిన్నదానికి, కానీ మొత్తం ఉన్నదానికి. రక్షణ శాఖను అడిగి ఓడ మీది పాత 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ గన్ను (విమానాలను కొట్టేది) ఒకటి తెచ్చుకోగలిగితే మేలు. ఒకరు పక్కలకు తిప్పుతారు, ఇంకొకరు పైకీ కిందికీ, మరొకరు నాలుగేసి గుండ్ల క్లిప్పులు అందిస్తారు. పక్కన కరీంనగర్ గ్రానైట్ పలక మీద మన జిల్లాల నుంచి వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు. 100 టన్నుల గొట్టం మోసుకొచ్చే డబ్బులో కొంచెం చాలు దీనికి. మిగిలింది జగిత్యాల కోట ఫిరంగుల మీద ఖర్చుపెడితే నాకింకా సంతోషం. అవి మన నేల మీదివే, ఎండా వానల్లో పడి ఉన్నాయి. ఈ మాట మీటింగులో అంటే "టాపిక్ మార్చకు" అన్నారు.

మామ పెట్టిన షరతు ఒక్కటే. "పిల్లలు చెడగొడతరని తిప్పే చక్రాలకు వెల్డింగ్ కొట్టిస్తరు. కొట్టియ్యొద్దు. నెలకోసారి గ్రీజు పెట్టేది నేను చూసుకుంట."