రోడ్ బైక్‌కి తక్కువ ఖర్చులో చక్రాలు: మైపాడు రోడ్డు మీద 32 స్పోకుల అనుభవం

రోడ్ బైక్‌కి చక్రాలు మార్చాలనుకునేవాళ్లు ముందు బరువు అడుగుతారు, తర్వాత రిమ్ము ఎత్తు అడుగుతారు. నెల్లూరులో ఉంటూ మైపాడు, కోడూరు బీచ్‌ల వైపు తొక్కేవాళ్లు మొదట అడగాల్సింది స్పోకు గురించి. ఎన్ని ఉన్నాయి, ఎలాంటివి, తెగితే మన ఊళ్లో బాగవుతుందా? ఈ విషయంలో నా చక్రాలు నాకు ఎంత నచ్చాయంటే, వాటి గురించి ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను.

నావి షిమానో ఆర్‌ఎస్400 హబ్బులు (చక్రం నడిమి భాగాలు), ముందూ వెనకా 32 స్పోకులు, మామూలు డబుల్ వాల్ అలాయ్ రిమ్ములు, ఇత్తడి నిపుల్స్ (స్పోకు కొసని రిమ్ముకి బిగించే చిన్న మరలు). స్పోకులు 2 మిల్లీమీటర్ల గుండ్రటి స్టెయిన్‌లెస్ స్టీలువి, హబ్బు దగ్గర వంపు ఉన్న పాతకాలపు రకం. రిమ్ బ్రేకు బండి. సామాను విడివిడిగా కొని చెన్నైలో కట్టించాను. ఫ్యాక్టరీలో కట్టి వచ్చే చవక జత కంటే ఖర్చు కొంచెమే ఎక్కువైంది.

వీటికి ముందు అలాంటి ఫ్యాక్టరీ జతే వాడాను. ముందు 20, వెనక 24 బల్లపరుపు స్పోకులు, అల్యూమినియం నిపుల్స్. నున్నటి హైవే మీద అవి ఎంత హాయిగా తిరిగేవో ఇప్పటికీ గుర్తే, ఆ మాట కాదనను. వాటిని పాడు చేసింది ఉప్పు. మైపాడు దారిలో ఉప్పు సముద్రపు గాలితో మాత్రమే రాదు. ఆ వైపంతా రొయ్యల గుంటలు. పట్టుబడి రోజుల్లో రొయ్యల బండ్లు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ తడి మీద తొక్కితే చక్రం చిమ్మే నీళ్లు నిపుల్స్ కూర్చునే చోటికే చేరతాయి. స్టెయిన్‌లెస్ స్పోకు, అల్యూమినియం నిపుల్ ఉప్పునీటి తడిలో ఆనుకుని ఉంటే రెండు లోహాల మధ్య సన్నటి కరెంటు నడుస్తుంది, అల్యూమినియం తినేసుకుపోతుంది. మొదట నిపుల్ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది. వేలితో తుడిస్తే పోతుంది, కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. ఆ తర్వాత నిపుల్ స్పోకుని పట్టేస్తుంది. చక్రం బెండు తీద్దామని స్పోక్ కీ వేస్తే నిపుల్ తిరగదు, స్పోకే మెలితిరుగుతుంది. ఇంకొంచెం బలం పెడితే నిపుల్ తల విరిగి రిమ్ము లోపల గలగలమంటుంది.

నాకు సరిగ్గా అదే జరిగింది. 24లో ఒక్కటి పోయేసరికి వెనక చక్రం ఫ్రేముకి రాసుకునేంత వంకర తిరిగింది. బండిని ఆటోలో వేసుకుని ఇంటికి రావాల్సి వచ్చింది. ఆ కొలత బల్లపరుపు స్పోకు నెల్లూరులో దొరకలేదు. అమ్మినవాళ్లు వారాల తరబడి తిప్పి, చివరికి చక్రం మొత్తం పంపమన్నారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇప్పటి చక్రాల సంగతి వేరు. కోతల కాలంలో మా వైపు రోడ్డే కళ్లం. వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తాక ఒకటో రెండో రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. ఒకరోజు ఇంకా పూర్తిగా తెల్లవారకముందే మైపాడు నుంచి తిరిగొస్తుంటే అలాంటి రాయి వెనక చక్రం కింద పడింది. టంగుమని శబ్దం. దిగి చూస్తే ఎడమవైపు స్పోకు ఒకటి హబ్బు దగ్గర వంపులో తెగి వేలాడుతోంది. పాత చక్రమైతే మళ్లీ ఆటో కోసం నిలబడాల్సిందే. దీన్ని ఎత్తి తిప్పి చూస్తే ఒక పక్క బ్రేకు రబ్బరుకి రాసుకుంటోంది, అంతే. తెగిన స్పోకుని పక్కదానికి చుట్టాను. బ్రేకు మీద ఉన్న చిన్న మీట ఎత్తి రబ్బర్లు ఎడం చేశాను. తెగినదానికి అటూ ఇటూ ఉన్న కుడివైపు స్పోకుల్ని అర చుట్టు వదులు చేశాను. ఇత్తడి నిపుల్స్ కదా, కీ వేయగానే తిరిగాయి! నాది 90 కిలోల ఒళ్లు. అయినా ముందు బ్రేకుతోనే నెట్టుకొస్తూ, నిదానంగా నెల్లూరు దాకా తొక్కుకుంటూనే వచ్చాను.

స్టోన్‌హౌస్‌పేటలో పాల సైకిళ్లు, రిక్షాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. గేర్ల బండి చూడగానే, "ఇది మన వల్ల కాదబ్బయ్యా, మద్రాసు తీసకపో" అన్నాడు. చక్రం ఊడదీసి చేతికిచ్చాక, "ఓస్, స్పోకులు మామూలియ్యే గదా, ఇట్టా ఇయ్యి" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే నేను ఈ చక్రాలు కట్టించుకున్నది. నా దగ్గరున్న స్పేర్ స్పోకు ఇస్తే హబ్బు కన్నంలో దూర్చి, పక్కవాటి అల్లిక చూసి అదే వరసలో అల్లేశాడు. చక్రం బెండు తీసే స్టాండు లేదు. బండిని తలకిందులుగా నిలబెట్టి, చక్రం బిగించి, చెయ్యి ఫ్రేముకి ఆనించి బొటనవేలి గోరు రిమ్ముకి తగిలీ తగలనట్టు పెట్టి తిప్పాడు. గోరుకి తగిలిన చోట ఆపి పావు చుట్టు, మళ్లీ తిప్పి ఇంకో పావు చుట్టు. చివర్లో ఎడమవైపు స్పోకులన్నీ గోటితో మీటుతూ విన్నాడు. మందంగా మోగినదాన్ని కాస్త బిగించాడు, మరీ కీచుమన్నదాన్ని వదిలాడు. టీ తాగినంత సేపట్లో పని అయిపోయింది. ఇప్పటిదాకా ఆ చోట మళ్లీ బెండు రాలేదు.

అయితే కుడివైపు స్పోకు తెగి ఉంటే ఇంత తేలిగ్గా అయ్యేది కాదు. ముందు క్యాసెట్, అంటే వెనక హబ్బుకి కుడివైపున్న గేరు పళ్ల చక్రాల గుత్తి, ఊడదీయాలి. దానికి కావలసిన కీ, క్యాసెట్ తిరగకుండా పట్టుకునే చైన్ విప్ ఆ కొట్లో లేవు, నేను కొని ఇంట్లో పెట్టుకున్నాను. నా వెనక చక్రానికి కుడి స్పోకు ఎడమదానికంటే రెండు మిల్లీమీటర్లు పొట్టి. అందుకని కట్టించిన రోజే రెండు కొలతల్లోనూ స్పేర్లు అడిగి తీసుకోవాలి.

హబ్బుల్ని కొత్తలో తెగ పొగిడాను. తిరిగే తీరు ఇప్పటికీ బాగానే ఉంది. రబ్బరు సీలు ఉంది కదా అని ఈ ఊళ్లో వదిలేయడానికి మాత్రం లేదు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి తగ్గాక ఓవరాయిలింగ్ (విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టడం) చేద్దామని తెరిస్తే గ్రీజు బురద రంగుకి తిరిగి ఉంది. ముందు హబ్బులో పక్కకి 10 చొప్పున 3/16 అంగుళం గోళీలు, వెనక పక్కకి 9 చొప్పున పావంగుళం గోళీలు. మామూలు సైకిల్ కొట్లో దొరికే సరుకే కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదు. ఇరుసు మీద గోళీలు ఆనుకునే కోను మీద గుంత పడితే కోను మార్చుకోవచ్చు. గోళీలు కూర్చునే హబ్బులోని కప్పు అరిగితే మాత్రం హబ్బు పోయినట్టే. అందుకే వానల తర్వాత ఒకసారి, ఎండాకాలం ముందు ఒకసారి తెరుస్తున్నాను. ఇంత ఓపిక లేనివాళ్లకి ఈ హబ్బులు తగవేమో.

బరువు జతకి రెండు కిలోల దరిదాపు. రాపూరు ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మైపాడు దాకా అంతా చదునే కాబట్టి అక్కడ ఆ ఊసే గుర్తుకు రాదు. సముద్రం వైపు నుంచి గాలి మొహాన కొట్టేటప్పుడు స్పోకులు తక్కువున్న పాత జతే మేలు, ఆ తేడా ఉంది.

కొనేముందు ఇరుసు చూసుకోండి. రిమ్ బ్రేకు రోడ్ బైక్‌లకి వెనక హబ్బు వెడల్పు మామూలుగా 130 మిల్లీమీటర్లు. డిస్క్ బండ్ల చక్రాలు వీటికి ఎక్కవు. 11 స్పీడ్ హబ్బు (వెనక 11 పళ్ల చక్రాలు పట్టేది) మీద 8 లేదా 9 స్పీడ్ క్యాసెట్ వేయాలంటే వెనకాల 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు కావాలి, అది తెచ్చుకోకపోతే క్యాసెట్ లొడలొడలాడుతుంది.

నా బరువుకి, ఈ రోడ్డుకి, ఈ ఉప్పుకి ఇవి సరిపోయాయి. 60 కిలోల ఒళ్లుండి, కావలి వైపు హైవే మీదే తొక్కేవాళ్లయితే 24 స్పోకుల జత తీసుకున్నా ఇబ్బంది ఉండకపోవచ్చు. నిపుల్స్ ఇత్తడివా కాదా అన్నది మాత్రం అమ్మేవాళ్లని గట్టిగా అడగండి. నేనైతే హబ్బులు ఇవే ఉంచుకుని వచ్చే ఏడు రిమ్ములు మార్చాలి. ఇసుక పట్టిన బ్రేకు రబ్బర్లు రాసీ రాసీ, అరుగుదల చూపించే గాడి వెనక రిమ్ము మీద ఇప్పటికే సగం చెరిగింది.