మాటలు రాని పిల్లలు, పొగ మానని పెద్దలు: భయపెట్టడమా, చీటీ ఇవ్వడమా, అక్కడే ఫోన్ కలపడమా?

రెండేళ్లు దాటినా మాటలు రాని పిల్లల్ని త్వరగా స్పీచ్ థెరపీకి రప్పించడం ఎలా అని వైజాగ్‌లో మా థెరపిస్టులం కలిసినప్పుడల్లా మాట్లాడుకుంటాం. నన్నడిగితే పొగాకు మాన్పించేవాళ్లను చూసి నేర్చుకోవాలంటాను. సాయం అడగని మనిషికి సాయం అందించడమే వాళ్ల పని, మన పనీ చాలావరకు అదే. వాళ్లు తొక్కిన దారుల్లో మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది భయపెట్టడం. 2016 ఏప్రిల్ నుంచి సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలన్నారు. అక్కడ అది సబబే, సరుకు అమ్మి లాభపడే కంపెనీ ఉంది కాబట్టి. అదే ఊపులో ‘ఫోన్ చూపిస్తే మాటలు రావు’ అని మనమూ పెద్ద పోస్టర్లు వేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. ఏడాది పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండేళ్ల నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, అది మనమూ చెప్పాల్సిందే. కానీ వినికిడి లోపం ఫోన్ వల్ల వచ్చింది కాదు, ఆటిజమూ కాదు. ఆ పోస్టర్ చూసిన తల్లి తప్పంతా తనదే అనుకుని, నలుగురూ ఏమంటారోనని ఇంకో ఆరు నెలలు ఇంట్లోనే ఉండిపోతుంది. పైగా బొమ్మ అందరికీ చేరదు కూడా. మన ఉత్తరాంధ్రలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు కదా, విడిగా కొనే చుట్టకు పెట్టె ఉండదు, బొమ్మా ఉండదు. పక్కన కూర్చుని నోరు తెరిపించి, అంగిలి చూసి మాట్లాడే మనిషి కావాలి.

రెండోది చీటీ ఇవ్వడం. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఇదే. టీకాకి వచ్చినప్పుడు డాక్టర్ మందుల చీటీ కింద ‘స్పీచ్ థెరపీ’ అని ఒక ముక్క రాస్తారు. గాజువాకలో ఇంటికి వెళ్లేసరికి నానమ్మ, "ఏటమ్మా కంగారు, వాడి నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి, వస కూడా పోశాం కదా" అంటుంది. పాపం ఆవిడ ధైర్యం చెబుతోంది, అంతే. చీటీ టీకా కార్డులో మడతపడి ఉండిపోతుంది. పిల్లాడు మా దగ్గరికి వచ్చేసరికి మూడున్నరేళ్లు.

మూడోది అక్కడికక్కడే కలపడం. అమెరికాలోని హ్యూస్టన్‌లో కొన్ని క్లినిక్‌లలో పొగతాగేవాళ్లకు క్విట్‌లైన్ (పొగ మానడానికి ఫోన్‌లోనే సాయం చేసే కేంద్రం) నంబరున్న కార్డు ఇచ్చి పంపారు, ఇంకొన్ని క్లినిక్‌లలో వాళ్ల అనుమతితో ఫోన్ నంబరు క్విట్‌లైన్‌కే పంపారు, అటునుంచే వీళ్లకు ఫోన్ వచ్చింది. 2013లో వచ్చిన ఫలితం చూడండి: కార్డు ఇచ్చినచోట 0.6 శాతం మంది చికిత్సలో చేరితే, నేరుగా కలిపినచోట 7.8 శాతం చేరారు. ఫోన్ చేయాల్సిన భారం ఎవరి మీద పెట్టారన్నదే తేడా.

అందుకే నా ఓటు మూడోదానికి. అంగన్‌వాడీల్లో పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) బృందాలు 2013 నుంచీ ఉన్నాయి, మాటల ఆలస్యం, వినికిడి వాళ్ల జాబితాలోనే ఉన్నాయి. తొమ్మిది నెలల టీకాకి, తర్వాత 16-24 నెలల మధ్య బూస్టర్‌కి తల్లి ఎలాగూ బిడ్డనెత్తుకుని వస్తుంది. అప్పుడు అందరినీ అడగాలి, అనుమానం ఉన్నవాళ్లనే కాదు. తొమ్మిది నెలలకైతే ‘వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా?’, రెండేళ్లు వస్తుంటే ‘అమ్మ రా, పాలు కావాలి... ఇలా రెండేసి మాటలు కలుపుతున్నాడా?’ తల్లి ‘లేదు’ అంటే నర్సు అక్కడే ఆమెను అడిగి నంబరు మాకు పంపాలి, ఆ సాయంత్రమే మేం ఫోన్ చేయాలి.

ఇందులో ఇబ్బంది లేదనను. ఇలా కలిపితే మా దగ్గర క్యూ పెరుగుతుంది, థెరపిస్టులు తక్కువ, పాడేరు నుంచి వారానికి రెండుసార్లు రమ్మంటే ఎవరూ రాలేరు. అయినా మొదటి ఫోన్ పది నిమిషాలు చాలు: చెవి పరీక్ష ఎప్పుడు, ఎక్కడ చేయించాలో చెప్పడానికి, స్నానం చేయించేటప్పుడు ఒక్కో మాటా అని, పిల్లాడు బదులిచ్చేదాకా కాసేపు ఆగమని చెప్పడానికి. ఆ ఫోన్‌లో నానమ్మను కూడా స్పీకర్ దగ్గరికి పిలవండి, చాలా ఇళ్లలో పగలంతా బిడ్డతో ఉండేది ఆవిడే.