వాపు తగ్గకముందే లిగమెంట్ ఆపరేషన్ అంటున్నారా? నా మోకాలు చూసి వెళ్లండి

పేరు రాయను. బెంగళూరులో మారతహళ్ళి వైపు ఉండే మనవాళ్లకి ఏ ఆసుపత్రో ఈపాటికే అర్థమై ఉంటుంది. మొన్నటిదాకా నేనే ఇద్దరిని అక్కడికి పంపాను, ఆ పాపమూ నాదే.

బాక్స్ క్రికెట్‌లో రెండో పరుగుకి తిరగబోతే మోకాలు మెలిపడి టప్పుమంది. గంటలో కొబ్బరికాయంత వాపు. ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) పూర్తిగా తెగింది, మిగతావన్నీ బాగున్నాయి. 5వ రోజున ఆపరేషన్ అయిపోయింది.

అలాగని నేను అడగలేదనుకోకండి. "కాలు చాపలేకపోతున్నా, ఇంత వాపు మీద చేయొచ్చా?" అన్నాను. డాక్టర్ కాదు, కౌన్సెలర్ అమ్మాయి జవాబు చెప్పింది. "ఆలస్యమైతే తెగిన లిగమెంట్ ముడుచుకుపోద్ది అన్నా, మళ్లీ కుట్టడానికి రాదు. క్యాష్‌లెస్ అప్రూవల్ కూడా వచ్చేసింది." మన నెల్లూరు యాస, పైగా అన్నా అని పిలుపు. కరిగిపోయాను. తీరా చూస్తే కుట్టడమే లేదు! తొడ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది) తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. మరి పాతది ముడుచుకుంటే ఎవడిక్కావాలి? రోజంతా బగ్గులు వెతికే ఉద్యోగం నాది, ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఆ రోజు తట్టలేదు.

ఇప్పుడు 10వ వారం. కాలు తిన్నగా చాపబోతే ఇంకా 15 డిగ్రీల వంపు దగ్గరే ఆగిపోతోంది, కుంటుతున్నాను. నిన్న రివ్యూలో ఇదేంటని అడిగితే సర్జన్ గారు ఫైలు నా వైపు తిప్పారు. "పేషెంట్ కోరిక మేరకు త్వరగా సర్జరీ". కింద నా సంతకం. అడ్మిషన్ రోజు పెట్టించిన పదకొండు సంతకాల్లో అదొకటి. "తొందరపడింది మీరే కదా. ఫిజియో కూడా సరిగ్గా చేసుండరు" అన్నారు. 22 సిట్టింగుల రసీదులు నా చేతిలోనే ఉన్నాయి, చూడనైనా చూడలేదు. పక్కనే ఆ అమ్మాయి. అన్నా పోయింది, తెలుగూ పోయింది. "సార్, నెక్స్ట్ పేషెంట్ వెయిటింగ్."

ఇవాళ జయనగర్‌లో ఇంకో డాక్టర్‌ని కలిశాను. ఆయన మొదటి ప్రశ్నే "ఆపరేషన్ నాటికి కాలు పూర్తిగా చాపగలిగారా?" వాచి బిగుసుకున్న మోకాలి మీద కత్తి పెడితే లోపల గట్టి పొరలు పెరిగి కీలు పట్టేసే ప్రమాదం ఎక్కువట. అందుకే మామూలుగా కొన్ని వారాలు ఐసు, ఫిజియో చేయించి, వాపు తగ్గి తొడ కండరం మాట విన్నాకే చేస్తారట. ఆ పొరలు తీయడానికి నాకు మళ్లీ ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) పడొచ్చు.

ఇంటికొచ్చి చదివాను, ముందే చదివి ఏడిస్తే బాగుండేది. 2010లో వచ్చిన స్వీడన్ ట్రయల్‌లో ఏసీఎల్ తెగిన 121 మందిని రెండు గుంపులు చేశారు, ఒక గుంపుకి త్వరగా ఆపరేషన్. ముందు ఫిజియో, అవసరమైతేనే ఆపరేషన్ అన్న గుంపులో సగానికి పైగా మందికి రెండేళ్లలో ఆపరేషనే పడలేదు. మోకాలు ఎలా ఉందని అడిగితే రెండు గుంపులూ దాదాపు ఒకేలా చెప్పాయి.

మోకాలు లాక్ అయినా (లోపల ఏదో అడ్డుపడి కదలకపోయినా), మూడు నాలుగు లిగమెంట్లు కలిసి పోయినా కథ వేరు, అప్పుడు ఆలస్యం చేయకండి. మిగతావాళ్లు రెండో డాక్టర్‌కి చూపించండి, సంతకం పెట్టే ప్రతి కాగితం చదవండి.

కేస్ షీట్ కాపీ కావాలని నిన్ననే రాసిచ్చాను. 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూలు. కౌంటర్‌లో ఏమన్నారో తెలుసా? "వచ్చే వారం కనుక్కోండి సార్."