సర్వో డ్రైవ్‌లో సేఫ్టీ మాడ్యూల్: పీన్యాలో ఐదేళ్లు వాడాక

మా మెషిన్‌లో సర్వో డ్రైవ్‌లకి (మోటారు వేగం, పొజిషన్ కంట్రోల్ చేసే యూనిట్లు) సేఫ్టీ మాడ్యూళ్లు (మనిషికి దెబ్బ తగలకుండా మోటారుని ఆపే, అదుపులో పెట్టే అదనపు భాగాలు) పెట్టించి ఐదేళ్లు దాటింది. బెంగళూరు పీన్యాలో మాది పౌచ్ ప్యాకింగ్ యూనిట్, నేను మెయింటెనెన్స్ చూసుకుంటాను. డ్రైవ్‌తోనే ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్, మోటారు తిప్పే బలాన్ని ఆపే ఫంక్షన్) వస్తుంది కదా, ఇంకా డబ్బు పోసి మాడ్యూల్ ఎందుకు అని కొనేటప్పుడు చాలామంది అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు పాత సంగతి చెప్పాలి. అప్పట్లో గార్డ్ డోర్ తెరిస్తే సేఫ్టీ రిలే పడిపోయి, డ్రైవ్‌లకి ముందున్న రెండు కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్‌లు) మెయిన్స్‌నే కట్ చేసేవి. కంట్రోల్ సప్లై కూడా అదే లైన్లో ఉండేది. మళ్లీ స్టార్ట్ చేయాలంటే డ్రైవ్ లోపలి డీసీ బస్ చార్జ్ అవ్వాలి, ఎన్‌కోడర్లు (మోటారు పొజిషన్ చెప్పే సెన్సర్లు) పవర్ పోతే పొజిషన్ మర్చిపోయే ఇంక్రిమెంటల్ రకం కాబట్టి నాలుగు యాక్సిస్‌లకీ (ఒక్కో మోటారు కదిపే భాగం) హోమింగ్ కొట్టాలి, అంటే మొదటి స్థానం మళ్లీ పట్టించాలి, సీలింగ్ జా (పౌచ్‌ని నొక్కి అతికించే దవడ) దగ్గర ఇరుక్కున్న ఫిల్మ్ పీకి పడేయాలి. రోల్ మార్చిన ప్రతిసారీ ఇదే తతంగం. ఆపరేటర్లు మాత్రం ఎన్నిసార్లని ఓర్చుకుంటారు? డోర్‌కి ఉండాల్సిన ఇంటర్‌లాక్ కీని ఊడదీసి స్విచ్‌లోనే గుచ్చి ఉంచేవాళ్లు, డోర్ బార్లా తెరిచినా మెషిన్‌కి మూసినట్టే లెక్క. నేను పీకేసేవాణ్ణి, మర్నాటి షిఫ్టుకి మళ్లీ ఉండేది. ఒకరోజు మా హిందూపురం కుర్రాడు ఫిల్మ్ సర్దుతుంటే జా కదిలింది. గ్లౌజు కొస మాత్రమే నలిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాడ్యూల్ వచ్చాక మారింది ఇదీ. ఎస్‌టీఓ అంటే మోటారుకి టార్క్ పుట్టకుండా ఆపడం, పవర్ అలాగే ఉంటుంది, పొజిషన్ పోదు. ఇది మా డ్రైవ్‌లలో ముందే ఉంది, కాకపోతే వాడుకోలేదు. మాడ్యూల్‌తో అదనంగా వచ్చినవి ఎస్‌ఎస్1 (ముందు మోటారుని స్లో చేసి, తర్వాత టార్క్ తీసేయడం), ఎస్‌ఎల్‌ఎస్ (వేగం లిమిట్ దాటకుండా కాపలా కాయడం), బ్రేక్ కంట్రోల్ లాంటివి. ఈ పేర్లన్నీ ఐఈసీ 61800-5-2 స్టాండర్డ్‌లోవే, ఏ కంపెనీ మాడ్యూల్ కొన్నా అవే అర్థాలు.

నాకు డబ్బు గిట్టింది ఎస్‌ఎల్‌ఎస్ వల్ల. డోర్ తెరిచి సెటప్ మోడ్‌లో పెడితే జా నెమ్మదిగా మాత్రమే కదులుతుంది, వేగం పెట్టిన లిమిట్ దాటితే మాడ్యూలే ఆపేస్తుంది, పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే కంట్రోలర్) ప్రోగ్రాంలో తప్పున్నా సరే. నెమ్మదిగా కదిలే జా కూడా వేలిని నలిపేస్తుంది కాబట్టి దీంతోపాటు చేతిలో మూడు స్థానాల ఎనేబుల్ స్విచ్ ఇచ్చాం, మధ్య దాకా నొక్కి ఉంచితేనే ఇంచింగ్ (కొంచెం కొంచెంగా కదపడం), వదిలేసినా భయంతో గట్టిగా బిగించినా ఆగిపోతుంది. పెట్టించిన నెల రోజులకి ఆ కుర్రాడే వచ్చి, "అన్నా, రోల్ మార్చడానికి ఇప్పుడు కీ పీకాల్సిన పనే లేదన్నా" అన్నాడు. ఆ తర్వాత ఈ మెషిన్ మీద బైపాస్ నేను చూడలేదు. డోర్ తెరిచి చేయాల్సిన పనికి దారి ఇవ్వకుండా, డోర్ తెరవద్దని ఎంత అరిచినా లాభం లేదని నా గట్టి అభిప్రాయం.

ఎస్‌ఎస్1 దగ్గర మాత్రం జాగ్రత్త. ఇందులో టైమ్ రకం ఉంది, ర్యాంప్‌ని, అంటే వేగం తగ్గే తీరుని గమనించే రకం ఉంది. టైమ్ రకం ఇచ్చిన సమయం అయిపోగానే టార్క్ తీసేస్తుంది, ఈలోగా మోటారు నిజంగా స్లో అవుతోందా లేదా అన్నది చూడదు. మేము ఆ టైమ్ అంతా కలిపి మొత్తం ఆగే సమయం 0.35 సెకన్లుగా తీసుకున్నాం. లాక్ లేని డోర్‌కి ఐఎస్ఓ 13855 స్టాండర్డ్ ప్రకారం మనిషి దగ్గరికొచ్చే వేగం సెకనుకి 1600 మిల్లీమీటర్లతో లెక్కేస్తే జా నుంచి డోర్ కనీసం 560 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. మాది 400లో ఉంది. డోర్ ఫ్రేమే ముందుకి జరపాల్సి వచ్చింది, దానికి ఫ్యాబ్రికేషన్ ఖర్చు వేరే.

ఇబ్బందులు లేవనను. మొదటి రెండు నెలలు డ్రైవ్ ఊరికే ట్రిప్ అయ్యేది, చాలా టెన్షన్ పెట్టింది. లైట్ కర్టెన్ (కాంతి కిరణాలకి ఏదైనా అడ్డొస్తే మెషిన్‌ని ఆపే సెన్సర్) తన అవుట్‌పుట్ బాగుందో లేదో చూసుకోవడానికి మిల్లీ సెకను కన్నా చిన్న టెస్ట్ పల్స్‌లు పంపుతుంది, మాడ్యూల్ ఇన్‌పుట్ ఫిల్టర్ అంతకన్నా తక్కువలో ఉండటంతో వాటినే స్టాప్ సిగ్నల్ అనుకుంది. ఫిల్టర్ కొంచెం పెంచాక పోయింది. ఇంకోసారి డోర్ స్విచ్‌లోని రెండు ఛానెళ్లు ఒకేసారి మారట్లేదని డిస్క్రిపెన్సీ (తేడా) ఫాల్ట్. సర్వీస్‌కి వచ్చినాయన ఆ తేడాకి ఒప్పుకునే టైమ్ పెంచేద్దాం అన్నాడు, నేను ఒప్పుకోలేదు, చూస్తే డోర్ హింజ్ కుంగిపోయి ఉంది. హింజ్ మార్చాం, అంతే.

అన్నిటికన్నా బాధపెట్టింది మోటారు. ఒక రాత్రి జా మోటారు కాలిపోతే స్టోర్స్‌లో అదే సైజుది తీసి బిగించాం, మాడ్యూల్ ఒప్పుకోలేదు. ఎస్‌ఎల్‌ఎస్‌కి సేఫ్టీ రకం ఎన్‌కోడర్ కావాలి, స్పేర్‌ది మామూలుది. రెండు రోజులు లైన్ ఆగింది. అమ్మినవాళ్లు కోట్‌లో ఈ విషయం ఒక్క ముక్క రాయలేదు.

ఎస్‌టీఓ వేశాం కదా అని ప్యానెల్‌లో చెయ్యి పెట్టకండి. మన 415 వోల్టుల సప్లైకి డీసీ బస్ మీద దాదాపు 580 వోల్టులు అలాగే ఉంటాయి. వైరింగ్ పనైతే మెయిన్స్ ఆఫ్ చేసి, లాక్ వేసి, డ్రైవ్ మీద రాసినంత సేపు ఆగి, మీటర్ పెట్టి చూడాల్సిందే. నిలువు యాక్సిస్ ఉంటే టార్క్ పోగానే బరువు కిందికి జారుతుంది, దానికి బ్రేక్ ఉండాలి.

ముందు డోర్ రోజూ తెరుస్తాం కాబట్టి దాని స్విచ్ తనంతట తానే టెస్ట్ అయిపోతుంది. వెనక డోర్ నెలల తరబడి తెరవం, అందుకని ప్రతి నెలా మొదటి సోమవారం తెరిచి చూసి రిజిస్టర్‌లో రాస్తాం. సేఫ్టీ పారామీటర్ల చెక్‌సమ్ (సెట్టింగులన్నిటినీ బట్టి వచ్చే నంబరు) కాగితం మీద రాసి ప్యానెల్ డోర్ లోపల అంటించాం, ఎవరైనా ఏదైనా మారిస్తే ఆ నంబరు చూడగానే తెలిసిపోతుంది.

మీ మెషిన్‌లో డోర్ కడగడానికి తప్ప తెరవరంటే డ్రైవ్‌లోని ఎస్‌టీఓ చాలు, మాడ్యూల్ వద్దు. డోర్ తెరిచి మెషిన్ కదపాల్సిన పని ఉంటే తీసుకోండి, అదీ అవసరమైన యాక్సిస్‌లకే. మేము నాలుగింటికీ పెట్టించాం, ఎస్‌ఎల్‌ఎస్ వాడుతున్నది జా యాక్సిస్‌కీ, ఫిల్మ్ లాగే యాక్సిస్‌కీ మాత్రమే.